ఫోటో చరిత్ర ట్రంకు పెట్టెలోంచి మొదలుపెట్టండి

మా అన్నయ్య కూతురు ఇంజినీరింగ్ మూడో ఏడాది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు "బాబాయ్, ఫోటోగ్రఫీ చరిత్ర నేర్చుకుందామనుకుంటున్నా, ఎక్కణ్నుంచి మొదలుపెట్టమంటావ్?" అని అడిగింది. అప్పటికే ఫోన్లో పెద్ద పట్టిక రాసుకుంది. 1826, 1839, 1851, 1888... ముప్పై దాకా సంవత్సరాలు, పక్కన నోరు తిరగని పేర్లు. చూస్తే గ్రూప్ టూ పరీక్షకి చదువుతున్నట్టుంది. కనుమ నాడు సరదాగా అడిగితే నాలుగు కూడా చెప్పలేకపోయింది.

తప్పు ఆ పిల్లది కాదు. దొరికినవన్నీ అలాగే ఉంటాయి మరి.

నేను చీరాలలో ఫోటో స్టూడియోలో పెరిగినవాణ్ని. నాన్న ఫోటోలు తీసేవారు. అమ్మ మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక కిటికీ దగ్గర కూర్చుని నెగటివ్‌ల మీద పెన్సిల్‌తో రీటచింగ్ చేసేది. పదకొండేళ్లు వచ్చేసరికి నేను డార్క్‌రూమ్‌లో ట్రేలు ఊపేవాణ్ని. పుస్తకాలు ఆ తర్వాత ఎప్పుడో చదివాను. అందుకే నాకు ఈ చరిత్ర తేదీల వరసలా కాకుండా ఇబ్బందుల వరసలా కనిపిస్తుంది. ఒకడికి ఒక ఇబ్బంది వచ్చింది, కిందామీదా పడి తీర్చుకున్నాడు, అది తీరగానే ఇంకో ఇబ్బంది వచ్చి కూర్చుంది. ఆ వరస పట్టుకుంటే సంవత్సరాలు వాటంతటవే గుర్తుంటాయి. ఆ పిల్లకి చెప్పిందే ఇక్కడ కొంచెం పెంచి రాస్తున్నాను.

ముందు ఇంట్లో ఉన్నవి

మ్యూజియాలూ పారిస్‌లూ తర్వాత. ముందు అటక మీద ట్రంకు పెట్టె దించండి. పాత ఫోటోలు ఓ పది తీసి శుభ్రమైన బట్ట మీద పరవండి. అంచులు పట్టుకోండి, బొమ్మ మీద వేలు పెట్టకండి, చేతి చెమట చాలు మచ్చ పడటానికి. అంటుకునే పేజీల ఆల్బమ్‌లో ఉన్నవాటిని మాత్రం పీకకండి, సగం ఫోటో పేజీకే ఉండిపోతుంది. వాటిని అక్కడే చూడండి.

మొదట వెనక్కి తిప్పండి. స్టూడియో ముద్ర ఉంటుంది, ఊరి పేరు ఉంటుంది, ఒక్కోసారి పెన్సిల్‌తో నంబరు ఉంటుంది. మా స్టూడియోలో ఆ నంబరుతోనే నెగటివ్ వెతికేవాళ్లం. తర్వాత ఫోటోని కాస్త ఏటవాలుగా పట్టుకుని వెలుతురులో చూడండి. నలుపు తెలుపు ఫోటో అంచుల్లో, నల్లగా ఉన్న చోట్ల, అద్దంలా నీలపు మెరుపు కనిపిస్తే అది వెండి. అవును, ఫోటోలో నలుపంతా సన్నటి వెండి రేణువులే, కాలం గడిచేకొద్దీ అవి పైకి తేలతాయి. మా స్టూడియోకి ఏడాదికి రెండుసార్లు ఒకాయన వచ్చి వాడేసిన హైపో (ఫోటో చెరిగిపోకుండా నిలిపే మందు) నీళ్లు డబ్బాల్లో కొనుక్కుపోయేవాడు, అందులోంచి వెండి తీయడానికి. చిన్నప్పుడు నాకదో మాయలా ఉండేది.

చదరంగా, అరచేతిలో పట్టేంత ఫోటో ఉంటే అది ఆగ్ఫా క్లిక్ లాంటి డబ్బా కెమెరాతో తీసింది కావచ్చు. 120 ఫిల్ము రీలుకి పన్నెండే ఫోటోలు. కాగితం ప్లాస్టిక్‌లా జారుతుంటే 1970ల తర్వాతిది. రంగులన్నీ పోయి ఎర్రగా తేలిపోయిన పెళ్లి ఫోటో ఉంటే పారేయకండి. రంగు ఫోటోలో వెండి మిగలదు, రంగులే మిగులుతాయి, అవి ఒక్కోటి ఒక్కో వేగంతో వెలిసిపోతాయి. మూలన నారింజ రంగు అంకెల్లో తేదీ ఉంటే మీకు వెతుకులాటే లేదు, కాకపోతే ఆ కెమెరాలో తేదీ సరిగ్గా పెట్టారో లేదో ఆ దేవుడికే తెలియాలి.

ఈ పది ఫోటోలని పాతదాన్నుంచి కొత్తదానికి వరసలో పెట్టడానికి ప్రయత్నించండి. రాయండి, తప్పులు పోనివ్వండి. నెల తర్వాత మళ్లీ పెడితే మీ వరస మీకే నవ్వు తెప్పిస్తుంది.

ఒక గదిని చీకటి చేయండి

ఇది చేయకుండా పుస్తకం తెరవద్దని నా గట్టి మాట. బయట ఎండ పడే కిటికీ ఉన్న గది చూసుకోండి. కిటికీ అంతా నల్ల చార్టు, అట్టముక్కలతో మూసేయండి. తలుపు సందుల్లో బట్ట కుక్కండి. అట్టకి రూపాయి బిళ్ల కంటే చిన్న కన్నం ఒకటి పెట్టండి. ఎదురు గోడ మీద తెల్ల దుప్పటి కట్టి, లైటు ఆర్పి, పది నిమిషాలు ఊరికే కూర్చోండి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక దుప్పటి మీద మీ వీధి కనిపిస్తుంది, తలకిందులుగా. స్కూటరు మీద పోయేవాడు తలకిందులుగా పోతుంటాడు, కొబ్బరాకులు కింద ఊగుతుంటాయి. కన్నం చిన్నది చేస్తే బొమ్మ స్పష్టంగా వస్తుంది, కానీ వెలుతురు తగ్గుతుంది. పెద్దది చేస్తే వెలుతురు ఎక్కువ, బొమ్మ అలికేసినట్టు ఉంటుంది.

దీని పేరే కెమెరా అబ్స్క్యూరా. లాటిన్‌లో చీకటి గది అని అర్థం, కెమెరా అన్న మాటే అక్కణ్నుంచి వచ్చింది. దాదాపు వెయ్యేళ్ల కిందట అరబ్బు పండితుడు ఇబ్న్ అల్ హైతమ్ దీని గురించి రాశాడు. అంటే బొమ్మ పడటం ఎప్పట్నుంచో ఉంది. ఆ బొమ్మ నిలవకపోవడమే ఇబ్బంది. అట్ట తీసేస్తే పోయింది. మీరు ఆ దుప్పటి ముందు కూర్చున్నప్పుడు 'అయ్యో, ఇది ఇలాగే ఉండిపోతే బాగుండు' అని మనసులో అనిపిస్తుంది చూడండి, ఆ అనిపించడం దగ్గరే అసలు కథ మొదలు.

రెండో ప్రయోగం ఇంకా తేలిక. ముదురు రంగు చార్టు కాగితం మీద వేపాకు పెట్టి, పైన గాజు పలక పెట్టి, మేడ మీద ఎండలో కొన్నాళ్లు వదిలేయండి. చుట్టూ రంగు వెలిసి ఆకు ఆకారం మిగులుతుంది. బాగుంది కదా? ఇప్పుడు ఆకు తీసి ఆ కాగితాన్ని మళ్లీ ఎండలో పెట్టండి. ఆకూ పోతుంది. 1802లో ఇంగ్లండులో థామస్ వెడ్జ్‌వుడ్, హంఫ్రీ డేవీ సరిగ్గా ఇక్కడే ఆగిపోయారు. వెండి లవణం పూసిన కాగితం మీద ఆకుల నీడలు తెప్పించారు, కానీ చూద్దామని వెలుతురులోకి తెస్తే కాగితమంతా నల్లబడేది. కొవ్వొత్తి వెలుగులో దొంగచాటుగా చూసుకోవాల్సి వచ్చేది.

1839: హైపో దొరికిన ఏడు

ఫ్రాన్సులో నీసెఫోర్ నియెప్స్ అనే ఆయన వేరే దారి పట్టాడు. తగరం ఎక్కువగా ఉన్న లోహపు పలక మీద ఒక రకం తారు పూశాడు. వెలుగు తగిలిన చోట తారు గట్టిపడుతుంది, మిగతాది నూనెతో కడిగేయొచ్చు. ల గ్రా అనే తన ఇంటి కిటికీలోంచి కనిపించే కప్పుల్ని 1826లోనో 1827లోనో అలా పట్టాడు. మనకి మిగిలిన ఫోటోల్లో కెమెరాతో తీసిన అతి పాతది అదే, ఇప్పుడు అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఉంది. ఆ బొమ్మని ఫోన్లో తెరిచి ఒక్కటే గమనించండి. ఎండ కుడివైపు గోడ మీదా ఉంది, ఎడమవైపు గోడ మీదా ఉంది. సూర్యుడు ఇటునుంచి అటు వెళ్లిందాకా కెమెరా తెరిచే ఉందన్నమాట. కనీసం ఎనిమిది గంటలు, కొన్ని రోజులే పట్టిందని కూడా అంటారు.

నియెప్స్ పోయాక ఆయన భాగస్వామి లూయీ డాగేర్ వెండిపూత పూసిన రాగి పలకలతో సమయాన్ని నిమిషాల్లోకి తెచ్చాడు. 1839 జనవరి 7న పారిస్‌లో సంగతి ప్రకటించారు. ఆగస్టు 19న పద్ధతి మొత్తం బయటపెట్టారు, అందుకే ఆ రోజు ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం. ఫ్రెంచి ప్రభుత్వం డాగేర్‌కీ నియెప్స్ కొడుకుకీ పింఛను ఇచ్చి ఆ విద్య కొనుక్కుంది. జనవరి ప్రకటన విని ఇంగ్లండులో హెన్రీ ఫాక్స్ టాల్బాట్‌కి గుండె జారిపోయుంటుంది. ఆయన 1835లోనే కాగితం మీద తన ఇంటి కిటికీ నెగటివ్ తీసి దాచుకుని కూర్చున్నాడు. ఆ నెలలోనే పరుగున వచ్చి తనదీ చూపించాడు.

మరి వెడ్జ్‌వుడ్‌కి దొరకని మందు? అది జాన్ హెర్షెల్ దగ్గర ఉంది. హైపో వెండి లవణాల్ని (వెలుతురు తగలక మిగిలి, తర్వాత నల్లబడేవాటిని) కరిగించేస్తుందని ఆయన 1819లోనే కనిపెట్టి పెట్టాడు. ఇరవై ఏళ్లు దాని అవసరం ఎవరికీ పడలేదు. 1839లో టాల్బాట్‌కి చెప్పాడు, అంతే. ఫోటోగ్రఫీ అన్న మాటని వాడుకలోకి తెచ్చిందీ ఆయనే. మా స్టూడియోలో డెవలపర్ బ్రాండ్లు మారాయి, కాగితాలు మారాయి, ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల ఇందు బ్రాండు వచ్చింది, పోయింది. మూడో ట్రేలో హైపో మాత్రం మారలేదు. నాన్న దాన్ని తూకం వేసుకుని కొనేవారు, ఉప్పు కొన్నట్టు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి డాగేర్ పద్ధతినీ టాల్బాట్ పద్ధతినీ పక్కపక్కన పెట్టుకోండి. డాగేర్‌ది అద్దంలా మెరుస్తుంది, ఒక్కో వెంట్రుకా కనిపిస్తుంది, కానీ ఒకటే ప్రతి. పోతే పోయినట్టే. టాల్బాట్‌ది కాగితపు నారతో కాస్త మసక, కానీ నెగటివ్ ఉంది కాబట్టి ఎన్ని కావాలంటే అన్ని ప్రింట్లు. "ఇంకో నాలుగు కాపీలు వేసివ్వండి" అని మా కౌంటర్ దగ్గర అడిగిన ప్రతివాళ్లూ టాల్బాట్ మనుషులే.

ఈ గొడవలో మూడోవాడొకడు నలిగిపోయాడు, ఇపోలిత్ బయార్. ఆయనకీ సొంత పద్ధతి ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. 1840లో కోపంతో తను నీళ్లలో మునిగి చచ్చిపోయినట్టు కూర్చుని తన ఫోటో తానే తీసుకున్నాడు. ఫోటో అబద్ధం చెప్పడం మొదలుపెట్టి ఎన్నేళ్లయిందని ఎవరైనా అడిగితే, ఫోటోకి నిండా ఏడాది నిండగానే అని చెప్పండి.

కదలకుండా నిలబడండి

ఈ ప్రయోగం ఇద్దరు ఉంటే బాగుంటుంది. ఒకరు కుర్చీలో కూర్చోవాలి, ఇంకొకరు ఫోన్లో ఒక నిమిషం పెట్టాలి. ముఖంలో ఒకే భావం, తల కదపకూడదు. నవ్వుతో మొదలుపెట్టి చూడండి, ఇరవై సెకన్లకే ఆ నవ్వు పళ్లు నొప్పి పుట్టినట్టు మారిపోతుంది. పాత ఫోటోల్లో అందరూ అంత ముభావంగా ఎందుకుంటారో సగం ఇక్కడే తెలిసిపోతుంది. తల కదలకుండా వెనక ఇనుప చువ్వ పెట్టేవాళ్లు కూడా. 1838లో డాగేర్ పారిస్ వీధిని తీస్తే, జనంతో బండ్లతో కిటకిటలాడే వీధి ఖాళీగా వచ్చింది. కదిలినవాళ్లెవరూ పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒక్కచోట నిలబడిన మనిషి ఒకడు మాత్రం పడ్డాడు. ఫోటోలో దొరికిన తొలి మనుషుల్లో ఆయనొకడు, పేరు తెలియదు.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసే పద్ధతి తెచ్చాడు. సమయం సెకన్లకి దిగింది, నెగటివ్ అద్దంలా స్పష్టం. పేటెంటు తీసుకోకుండా అందరికీ ఇచ్చేశాడు, 1857లో బీదవాడిగా పోయాడు. కానీ పలక తడిగా ఉండగానే, ఓ పది పదిహేను నిమిషాల్లో, పూయడం, తీయడం, కడగడం అన్నీ అయిపోవాలి. మన వైశాఖమాసపు ఎండలో ఆ పని ఊహించుకోండి! డార్క్‌రూమ్‌ని గుడారంగా చుట్టుకుని మోసుకు తిరిగేవాళ్లు. శామ్యూల్ బోర్న్ అనే ఆంగ్లేయ ఫోటోగ్రాఫర్ హిమాలయాలకి డజన్ల కొద్దీ కూలీలని వెంటబెట్టుకుని వెళ్లాడు. 1870ల్లో ఎండు పలకలు వచ్చాకే ఆ బరువు దిగింది.

మన వైపు

ఫోటో మన దేశానికి ఆలస్యంగా రాలేదు. 1850ల్లోనే బొంబాయి, మద్రాసు, కలకత్తాల్లో ఫోటోగ్రఫీ సంఘాలు పుట్టాయి. మద్రాసు ప్రభుత్వం 1856లో లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారిని తన ఫోటోగ్రాఫర్‌గా పెట్టుకుంది. ఆయన తీసిన మదురై, తంజావూరు గుళ్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, పెద్దవి చేసి ఆకాశం చూడండి. ఆ మబ్బులు కొన్ని ఆయన నెగటివ్ మీద కుంచెతో వేసినవి. ఆ రోజుల్లో నెగటివ్‌లకి నీలం మరీ ఎక్కువ తెలిసేది, ఎరుపు తెలిసేదే కాదు. ఆకాశం ఒట్టి తెల్లగా, మరకలు మరకలుగా వచ్చేది. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. పెళ్లిచూపుల ఫోటోలో మొటిమలూ అమ్మవారి మచ్చలూ నెగటివ్ మీద సన్నటి పెన్సిల్ గీతలతో మాయం చేసేది. ఫోటోషాప్ వచ్చి ఫోటోలు చెడిపోయాయనేవాళ్లకి ట్రైప్ మబ్బులు చూపిస్తాను.

ఎరుపు తెలియకపోవడం అన్నాను కదా. మీ ఇంట్లో బాగా పాత ఫోటో ఉంటే ముత్తవ్వ నుదుటి మీద కుంకుమ చూడండి, కాటుకంత నల్లగా ఉంటుంది. డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు వేసుకోగలిగిందీ దానివల్లే, మా ప్రింటు కాగితానికి ఎరుపు కనిపించదు. నేను ఒకసారి ఆ బల్బు అనుకుని పక్క స్విచ్ వేశాను, ట్యూబ్‌లైటు వెలిగింది. ఫుల్‌ప్లేట్ కాగితాల పెట్టె మూత తెరిచి ఉంది. నాన్న తిట్టలేదు. మౌనంగా పెట్టె తీసుకెళ్లి బయట అరుగు మీద పెట్టారు, రెండు రోజులు అక్కడే ఉంచారు నాకు కనిపించేలా.

హైదరాబాద్ దగ్గర్లో ఉంటే దీన్‌దయాళ్‌ని వదలొద్దు. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు, రూర్కీలో ఇంజినీరింగ్ చదివాడు, ఇండోర్‌లో ఉద్యోగం చేస్తూ ఫోటోలు మొదలుపెట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. 1892లో ఘోషా స్త్రీల కోసం విడిగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని కెన్నీ లెవిక్ అనే ఆంగ్లేయ మహిళకి అప్పగించాడు. ఆయన గాజు నెగటివ్‌లు రెండువేల ఎనిమిదివందలకి పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. సాలార్‌జంగ్ మ్యూజియానికో చౌమహల్లాకో వెళ్లినప్పుడు నిజాంల కాలం ఫోటోల ముందు నగలు, తలపాగాలు కాదు, వెనక నిలబడ్డ నౌకర్లని చూడండి. కదిలి మసకబారినవాళ్లు ఎవరో, స్పష్టంగా పడ్డవాళ్లు ఎవరో లెక్కపెట్టండి.

ఇంకో రకం ఫోటోలు కూడా చూడక తప్పదు. 1876-78 కరువులో రాయలసీమ సహా మద్రాసు రాజధాని అల్లాడినప్పుడు విల్లోబీ వాలస్ హూపర్ అనే సైనికాధికారి ఎముకల గూళ్లలాంటి మనుషులని వరసగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. అప్పట్లోనే దాని మీద విమర్శలు వచ్చాయి. నేను అవి మొదటిసారి చూసినప్పుడు మూసేశాను. మళ్లీ తెరిచి, ఈ ఫోటో ఎవరు తీయించుకున్నారు, ఎవరు చూడటానికి తీశారు అని నన్ను నేను అడిగాక మహారాజుల ఫోటోలు కూడా వేరేగా కనిపించడం మొదలైంది.

తర్వాతి సంగతులు త్వరగా

1888లో జార్జ్ ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరా ఇరవై ఐదు డాలర్లకి అమ్మాడు. లోపల వంద ఫోటోల ఫిల్ము. అయిపోయాక కెమెరా మొత్తం కంపెనీకి పంపితే ప్రింట్లు వేసి మళ్లీ ఫిల్ము ఎక్కించి పంపేవాళ్లు. 1900లో ఒక్క డాలరుకి బ్రౌనీ వచ్చింది. తీసేవాడికి కెమిస్ట్రీ రానక్కర్లేకుండా పోయింది. 1907లో లూమియేర్ సోదరులు రంగు ఫోటో పలకలు అమ్మారు, వాటిలో రంగుల్ని విడదీసే జల్లెడ పొర దేంతో చేశారో తెలుసా, రంగులద్దిన బంగాళాదుంప పిండితో. 1925లో లైకా సినిమా ఫిల్ముతో జేబులో పట్టే కెమెరా అమ్మకానికి తెచ్చింది. 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ చేసిన డిజిటల్ కెమెరా మూడున్నర కిలోల పైన తూగేది, ఒక్క బొమ్మని క్యాసెట్ టేపు మీద ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేది. 2012లో అదే కొడాక్ దివాలా పిటిషన్ వేసింది. మా స్టూడియో అంతకు ఆరేళ్లు ముందే మూసేశాం.

వారానికి ఒక్క ఫోటో

మెట్రోపాలిటన్ మ్యూజియం, గెట్టీ మ్యూజియం వేల పాత ఫోటోలు తమ వెబ్‌సైట్లలో ఉచితంగా పెట్టాయి. మన దేశపు ఫోటోగ్రాఫర్ల గురించి బెంగళూరు మ్యాప్ అకాడమీ వాళ్ల వ్యాసాలు బాగుంటాయి. కానీ వంద చూడకండి. వారానికి ఒక్కటి. నోటుబుక్కులో చేత్తో రాయండి: ఇది దేని మీద ఉంది, లోహమా గాజా కాగితమా, ఎంతసేపు పట్టి ఉంటుంది, డబ్బు ఎవరిచ్చారు, అంతకు ముందున్న ఏ ఇబ్బంది తీరితే ఈ ఫోటో సాధ్యమైంది. తేదీ చివర రాయండి.

వాట్సాప్‌లో వచ్చే 'ప్రపంచంలో మొట్టమొదటి' ఫోటోలని నమ్మొద్దు. రంగులద్దిన పాత ఫోటోలు ఇంకా ప్రమాదం, రంగు వేసినవాడు చీర రంగు కూడా ఊహించి వేస్తాడు. అసలు నలుపు తెలుపు ప్రతి ఏ మ్యూజియంలో ఉందో వెతికి అది చూడండి.

ఇంకొకటి, పాత నెగటివ్‌లు దొరికితే దయచేసి ఎవరికీ ఇచ్చేయకండి. నాన్నకి వాళ్ల గురువుగారు ఇచ్చిన గాజు నెగటివ్‌లు రెండు పెట్టెలుండేవి. స్టూడియో ఖాళీ చేసే హడావిడిలో పాత సామాన్లవాడికి వేసింది నేనే. వేడినీళ్లలో నానబెట్టి పొర గీకేస్తే మంచి గాజు కదా, ఫ్రేములకి పనికొస్తుందని తీసుకెళ్లాడు. చీరాలలో ఎవరింట్లోనో దేవుడి పటం మీద ఇప్పటికీ ఉండొచ్చు ఆ గాజు.

మా పిల్ల వచ్చే ఆదివారం మళ్లీ వస్తోంది. నల్ల చార్టులు నాలుగు తెమ్మన్నాను, టేపు నా దగ్గరుంది. మా కిటికీ ఎదురుగా ఉన్న మేడ మీద ఎండ పదకొండు దాకానే పడుతుంది కాబట్టి టిఫిన్ తర్వాత అనకుండా తొమ్మిదింటికల్లా రమ్మన్నాను.